ఇంజనే చట్రమైన కారు

ఫ్రాన్సు దేశమందలి లె మాన్ పట్టణమున ఇరువదినాలుగు గంటల మోటారు పందెము తొలిసారి 1923లో జరిగెను. ఒక పగలును ఒక రాత్రియు నడచి, ఎక్కువ దూరము పోయిన కారు ఇందు గెలుచును. అంగడిలో అమ్మకమునకు గాక ఇట్టి దీర్ఘ పందెములకే నిర్మింపబడు కార్లను ప్రోటోటైపు లందురు. వానిలో జర్మనీ దేశపు పోర్షె వారి 919 హైబ్రిడ్ అను దానిని మేమిచట వివరింపబూనితిమి. పందెమునకు రాకమునుపే ఇది తన ఇంజనుచేతనే చెడవలసినదై, తప్పించుకొన్నది.

బియ్యపు మిల్లులో ఇంజనును సిమెంటు దిమ్మెపై బిగించుట మనము చూచియున్నాము. ఇంజను ఎంత అదరినను దిమ్మె ఓర్చుకొనును. మామూలు కారునందు ఇంజను క్రింద రబ్బరు దిండ్లుండును. 919 నందు దిమ్మెయు లేదు, దిండ్లును లేవు. డ్రైవరు కూర్చుండు తొట్టి కార్బన్ నారతో చేయబడినది. దాని వెనుక గోడకు ఇంజను, ఇంజనునకు గేరుపెట్టె, గేరుపెట్టెకు వెనుక చక్రముల సస్పెన్షను నేరుగా బిగింపబడినవి. వెనుక చక్రమునకు తగిలిన దెబ్బ ఇంజను గుండానే ముందునకు పోవలెను. వేఱు చట్రము పెట్టినచో బరువు పెరుగును. తీసివేసినచో ఇంజనే ఎముక కావలెను. ఆ ఎముక వంగినచో సస్పెన్షను ఎంత చక్కగా అమర్చినను ఫలము లేదు.

ఇంజను చిన్నది. రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు. అవి రెండేసి చొప్పున 90 డిగ్రీల కోణమున నిలుచును. ఒక్కొక్క చుట్టునకు ఇంత పెట్రోలే వాడవలెనని నిబంధన యుండుటచే చిన్న ఇంజనే మేలని తలచిరి. ముందు చక్రములకు విద్యుత్తు మోటారు కలదు. బ్రేకు వేసినపుడు వ్యర్థమగు శక్తియు, పొగగొట్టమున పోవు వేడిగాలి శక్తియు బ్యాటరీకి చేరును.

2013లో కారును నడిపి చూచినపుడు ఇంజను కంపము మితిమీరెను. దిమ్మె లేనందున అది కారంతటికి ప్రాకినది. దిండ్లు పెట్టవచ్చును గదా యని మన విద్యార్థులు అడుగుదురు. మెత్తని దిండుపై నున్న ఇంజను భారము మోయజాలదు. అప్పుడు కారు నడుమ విఱిగినట్లే. కావున అలెగ్జాండర్ హిట్జింగర్ నాయకత్వమున ఇంజనీర్లు క్రాంకుషాఫ్టును మార్చిరి. పిస్టనుల ఎగుడుదిగుడును తిరుగుడుగా మార్చు వంకర యిరుసే క్రాంకుషాఫ్టు. ముగ్గురు స్త్రీలు ఒకే రోట దంచునపుడు పోట్ల వరుస తప్పినచో రోలు కదలుట మన యింటి యనుభవమే. ఇరుసు వంకరల కోణము మారగా సిలిండర్లు పేలు వరుసయు మారి, కంపము అదుపులోనికి వచ్చెను. తయారైన ఇంజనునకు క్రొత్త వెన్నుపూస వేయుట వంటి యీ పనిని మొదటి పందెమునకు ఏడాదియైన లేనపుడు చేయుట సాహసమే.

2014 పందెమున మార్క్ వెబ్బరు మొదలగువారు నడిపిన కారు ముందు నిలిచియు, చివరి గంటలలో చెడి ఆగెను. మరుసటి యేడు తొట్టిని రెండు ముక్కలుగా గాక ఒకే ముక్కగా చేసి గట్టిపఱచిరి. 2015లో హుల్కెన్‌బెర్గ్, బాంబర్, టాండీ అను మువ్వురు వంతులవారీగా నడుపగా, చుట్టునకు 4.76 లీటర్ల పెట్రోలు చొప్పున ఆ కారు 395 చుట్లు, అనగా సుమారు 5,380 కిలోమీటర్లు పోయి గెలిచెను.