ఫొటోలోని ఇల్లు, గుర్తున్న ఇల్లు

ప్రశ్న: పడగొట్టేసిన మా అమ్మమ్మగారింటిని పాత ఫొటో చూసి ఆయిల్ రంగుల్లో వేశాను. కొలతలు సరిగ్గా కుదిరాయి. అందరూ గుర్తుపట్టారు. నాకే అది మా ఇల్లు అనిపించడం లేదు. ఉన్నదున్నట్టు వేసే పద్ధతిలో ఊహకి చోటు లేదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఉందమ్మా. ఆ ఫొటో పెద్దవాళ్ల కంటి ఎత్తు నుంచి తీసింది. మీరు చిన్నప్పుడు ఆ ఇంట్లో తిరిగింది మూడడుగుల ఎత్తులో. అప్పుడు నూతిగట్టు మీ గడ్డం దాకా వచ్చి ఉంటుంది, మీ బొమ్మలో పెద్దవాళ్ల నడుము కిందే ఆగిపోయి ఉంటుంది.

ఉన్నదున్నట్టు వేస్తూనే ఊహకి చోటివ్వడం ఎలాగో తెలియాలంటే, చిత్రకారుడు ఆండ్రూ వైయెత్ వేసిన ‘వింటర్ 1946’ చూడండి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, చాడ్స్ ఫోర్డ్ ఆయన ఊరు. తండ్రి ఎన్.సి. వైయెత్ ‘ట్రెజర్ ఐలండ్’ నవలకి బొమ్మలు వేసిన పేరున్న చిత్రకారుడు. నలతగా ఉండే ఆండ్రూని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి, బొమ్మలు నేర్పాడు. 1945 అక్టోబరులో రైల్వే గేటు దగ్గర రైలు ఢీకొని ఆ తండ్రి పోయాడు. ఆయన రూపచిత్రం ఎన్నడూ వేయలేదన్న బాధ కొడుక్కి మిగిలింది.

ప్రమాదం జరిగిన చోటుకి ఇవతలి పక్క ఒక కొండ ఉంది. ఆండ్రూ వేసింది దాన్నే. పటమంతా దాదాపు ఎండుగడ్డి కొండే. దాని మీంచి ఒక కుర్రాడు దిక్కు తోచనట్టు కిందికి పరుగెడుతుంటాడు, పక్కనే వాడి నీడ. ఆ బొమ్మకి మోడల్ పొరుగు పిల్లవాడే అయినా వాడు తానేనని, ఆ కొండ తన తండ్రి రూపమని వైయెత్ చెప్పుకున్నాడు. గడ్డిపోచ గడ్డిపోచగానే ఉంది, ఎక్కడా అబద్ధం లేదు. కానీ కొండని అంత పెద్దగా నింపి, ఆకాశాన్ని అంత తగ్గించింది మాత్రం ఆయన దుఃఖమే. అది చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

మీరు ఫొటోని కొన్నాళ్లు బీరువాలో పెట్టండి. గుర్తున్నంతే పెన్సిల్‌తో గీయండి. ఏది పెద్దదైతే దాన్ని పెద్దగానే ఉంచండి, గుర్తులేని గోడని ఖాళీగా వదిలేయండి. పెంకుల వరస, నాచు రంగు సరిచూసుకోవడానికి మాత్రం ఆ తర్వాత ఫొటోని బయటికి తీయండి.

ప్రశ్న: వైయెత్ వాడిన టెంపెరా రంగులు ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చేసుకోవచ్చు. గుడ్డు పచ్చసొన, డిస్టిల్డ్ వాటర్, రంగుపొడి చాలు. మన ఎండలకి సొన త్వరగా పాడవుతుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. పూసిన వెంటనే ఆరిపోతుంది కనుక ఆయిల్‌లా తడిమీద కలపలేరు, సన్నటి గీతలు పొరలుపొరలుగా వేయాలి. కాన్వాసు వద్దు, జెస్సో (సుద్ద, జిగురు కలిపిన తెల్లటి పూత) పూసిన చెక్క పలక వాడండి.