బొగ్గును ఇంటివద్ద చేసికొనుట

పత్తి యేరుట ముగిసిన పిమ్మట తెలంగాణమున ననేక గ్రామములలో కంపను కుప్పవేసి తగులబెట్టుట వాడుక. కంపను చేలో విడిచినయెడల దానికంటియున్న కాయలలో గులాబిరంగు పురుగు దాగి మరుసటి పైరునకు సంక్రమించును గనుక దానిని తీసివేయుట మంచిదే. అయితే బూడిదయగువఱకు కాల్చుట యవసరమా యని విద్యార్థులు విచారింపవలెను.

కట్టెకు వేడి తగులగా మొదట నీరు ఆవిరియగును. పిమ్మట మండెడి వాయువులు వెలువడును. మనకు మంటగా కనబడునవి ఈ వాయువులే. అవి పోగా మిగిలినది బొగ్గు. దానికి ప్రాణవాయువు తగిలినచో అదియు బొగ్గుపులుసు వాయువుగా మాఱిపోయి పిడికెడు బూడిద మాత్రము మిగులును. కావున బొగ్గు చేయుట యనగా నిప్పును సకాలమున నార్పుటయే.

ఇందులకు అడుగున ఇఱుకుగాను పైన వెడల్పుగాను మోకాలిలోతు గొయ్యి చాలును. అడుగున నిప్పు రాజేసి, బాగుగా నెండిన కంపను పలుచని వరుసలుగా వేయుచుండవలెను. పైమంట గాలిలోని ప్రాణవాయువును తానే హరించుటచేత క్రింది బొగ్గు కాలదు. పైవరుస తెల్లబడుట కనబడగానే మఱియొక వరుస వేయవలెను. గొయ్యి నిండిన పిదప పుష్కలముగా నీళ్లు పోసి యార్పవలెను. పచ్చికంప వేసినవారికి పొగయే లాభము!

ముక్కలు కుంపటికి పనికివచ్చును. పొగ లేదుగదా యని కుంపటిని మూసిన గదిలో నుంచరాదు. అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు, అది నిద్రించువారి ప్రాణములను తీయును. బొగ్గుకొఱకు చెట్టు నఱకుటయు తగదు. నూఱుపాళ్ల యెండుకట్టెకు సాధారణముగా 20 మొదలు 30 పాళ్ల బొగ్గే వచ్చును. అంగడిబొగ్గు ఏ చెట్టుదో మన మెఱుగము. ఇంటిబొగ్గు మన కంపదే.

పొడిని నేలకు వేయవచ్చును. దీనినే నేడు బయోచార్ అనుచున్నారు. అమెజాన్ నదీప్రాంతమున ఐరోపావారు రాక పూర్వమే అచ్చటి ప్రజలచే నేర్పడిన సారవంతమైన నల్లనేలలు నేటికిని కలవు. వానిలో బొగ్గుతోపాటు ఎముకలు, కుండపెంకులు, ఇండ్లచెత్తయు కనబడుచున్నవి. బొగ్గు స్వయముగా ఎరువు గాదు. దాని సూక్ష్మరంధ్రములు నీటిని, ఎరువును పట్టియుంచును. 2017లో ప్రచురింపబడిన యొక పరిశీలనము అనేక ప్రయోగములను సరిపోల్చగా, ఉష్ణదేశములలో దిగుబడి సగటున నూటికి 25 వంతులు హెచ్చెననియు, సమశీతల దేశములలో హెచ్చలేదనియు తేలినది. మనది ఉష్ణదేశమేగదా యని రైతులందఱు సంతోషింపరాదు. బొగ్గు సాధారణముగా క్షారగుణము గలది. మన రేగడినేలలు పెక్కులు ఇదివఱకే క్షారము గలవి. చల్కానేలలవంటి తేలికపాటి యెఱ్ఱనేలలలో, అందును పులుపుగుణము గలవానిలో, మేలు గలుగుట కవకాశ మెక్కువ.

క్రొత్తబొగ్గును ఊరకే చల్లినయెడల అది నేలలోని పోషకములను తానే పట్టుకొని పైరును కొంతకాలము వాడ్చవచ్చును. అందుచేత దానిని తడిపి దంచి, పేడనీటిలోగాని పశువుల మూత్రములోగాని రెండువారములు నానబెట్టి వేయవలెను. సందేహము గలవారు మూడుకుండలలో ఒకేనేల మన్ను నింపి, ఒకదానిలో ఏమియు కలుపక, రెండవదానిలో క్రొత్తబొగ్గును, మూడవదానిలో నానిన బొగ్గును కలిపి, మూడింటను ముల్లంగి విత్తనములు నాటి నెలదినములు చూడవచ్చును.