కొండలో పదునేడు దినములు

2023వ సంవత్సరము నవంబరు 12వ తేదీ, దీపావళినాటి వేకువను, ఉత్తరాఖండమందలి సిల్క్యారా సొరంగములో కొంతభాగము కూలెను. లోపల 41 మంది పనివారు చిక్కుకొనిరి. మన్ను తీసినకొలది పైనుండి మరల జారుచుండెను. సన్నని గొట్టము గుండ గాలియు, బొరుగులు, సెనగలును పంపిరి.

సలహాదారుగా వచ్చిన ఆస్ట్రేలియా దేశీయుడు, సొరంగ నిపుణుడు ఆర్నాల్డ్ డిక్స్ తొందర కూడదనెను. ఒకసారి కదలిన కొండను బలవంతముచేసిన మరల కూలును. ద్వారమువద్ద బంధువులు కనిపెట్టుకొనియుండగా ఆ మాట యనుట సులభమా?

ఇనుపగొట్టమునకు దారి తొలుచుచున్న యంత్రము గమ్యమునకు చేరువలో విరిగెను. అంతట ఎలుకబొరియలవంటి సన్నని దారులు త్రవ్వుటలో ఆరితేరిన కూలీలు గొట్టములో దూరి, మిగిలిన సుమారు 12 మీటర్లను చేతిపనిముట్లతో త్రవ్విరి. మేఘాలయ బొగ్గుగనులలో ఆ పద్ధతి 2014లోనే నిషేధింపబడినది సుమా! 28వ తేదీ రాత్రి 41 మందియు ప్రాణములతో వెలువడిరి.