కాంతి తగ్గిన కేశములు: కారణమెరిగి చేయు గృహచికిత్స

కేశములు నిగనిగలాడవలెనన్న కోరిక మన ఇండ్లలో క్రొత్తది కాదు. వారమునకొక తలంటు, ముందునాటి సాయంకాలము నూనె, ఆరిన పిమ్మట జడ, ఇవి మన పెద్దలు నియమముగా పాటించిన పనులు. నేడు గృహములలో నూనెసీసాలు పెరిగినవి గాని కాంతి పెరుగలేదు. నా వద్దకు వచ్చువారిలో అనేకులు "ఏ నూనె రాయవలెను?" అని అడుగుదురు. "కాంతి ఎందువలన తగ్గినది?" అని అడుగువారు అరుదు. కారణమెరుగక చేయు చికిత్స వలన ధనము పోవును, కాలము పోవును, ఒక్కొక్కప్పుడు లోపలనున్న రోగము ముదురును. అందుచేత ఈ పాఠమున ముందు కారణమును ఇంటిలోనే గుర్తించు విధమును, పిమ్మట తగిన ఉపాయములను క్రమముగా తెలియజేయుచున్నాను.

కాంతి అనగానేమి?

వెండ్రుక పైపొర పెంకుటింటి కప్పువలె ఒకదానిపై నొకటి వాలియున్న సన్నని పొలుసులతో ఏర్పడినది. ఈ పొలుసులు అణగి నునుపుగా ఉన్నంతకాలము వాటిపై పడిన వెలుగు అద్దము మీద పడినట్లు ఒకే దిక్కునకు మరలును. అదియే మనము చూచు నిగనిగ. పొలుసులు లేచినను, విరిగినను, వాటిపై మడ్డి పేరుకొన్నను వెలుగు చెదరిపోవును. అప్పుడు జుట్టు ఎండుగడ్డివలె కనబడును.

చరకసంహిత చికిత్సాస్థానము 15వ అధ్యాయమున కేశరోమములు అస్థిధాతువు యొక్క మలమని చెప్పబడినది. ఇచ్చట మలమనగా అసహ్యమైనదని కాదు. ధాతువు పక్వమగునపుడు వేరుపడు భాగమని అర్థము. తల వెలుపలికి వచ్చిన వెండ్రుకలో జీవము లేదని ఆధునిక శాస్త్రమును చెప్పుచున్నది. కనుక వెలుపలనున్న వెండ్రుకను కాపాడగలమే గాని పోషింపలేము. పోషణ అందవలసినది చర్మము క్రింద కుదురులో తయారగుచున్న వెండ్రుకకు. వెండ్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. 60 సెంటీమీటర్ల జడ చివరనున్న భాగము 5 సంవత్సరముల నాటిదన్నమాట. ఈ ఐదేండ్లలో అది ఎన్ని తలంట్లను, ఎన్ని దువ్వెనలను, ఎంత ఎండను ఓర్చినదో ఆలోచింపుడు.

ఇంటిలో చేయదగిన పరీక్ష

తలంటి ఆరబెట్టుకొనిన మరునాడు, నూనె రాయక, పగటి వెలుతురులో కిటికీ వద్ద నిలిచి జుట్టును మొదలు నుండి చివర వరకు పరిశీలింపవలెను.

1. మొదళ్ళ వద్ద మూడు అంగుళములు నిగనిగలాడుచు, చివరలు మాత్రము ఎర్రబారి, చీలి, బిరుసుగా ఉన్నచో అది బాహ్యదోషము. రాపిడి, వేడి, ఎండ, రంగులు దీనికి కారణములు.

2. మొదలు నుండి చివర వరకు ఒకే రీతిగా మసకబారి, తలంటినను జిగటగానో బిరుసుగానో ఉండి, ఇంటిలోని ఇతరులకు కూడ అట్లే ఉన్నచో అది నీటిదోషము, లేక సబ్బుమడ్డి.

3. చివరలకన్న క్రొత్తగా వచ్చిన మొదళ్ళే పొడిబారి పలుచబడి, దానికి తోడు అలసట, ఆయాసము, చలి ఓర్వలేకపోవుట వంటి లక్షణములున్నచో అది అంతర్దోషము.

ఈ పరీక్ష దారి చూపునదే గాని తుది నిర్ణయము కాదు. ఒకరిలోనే రెండు దోషములు కలిసియుండవచ్చును.

నీటిదోషము

గురుకులమున మేము చదువుకొనునపుడు, జుట్టు పాడైనదని వచ్చినవారిని మా గురువుగారు ముందుగా "మీ బావి నీటిలో పప్పు ఉడుకునా?" అని అడుగుచుండిరి. మాకు అది వింతగా తోచెడిది. పప్పు ఉడకని నీరు కఠినజలము. అందులో సున్నపు లవణములు అధికము. అట్టి నీటిలో సబ్బు నురగకట్టదు. తెల్లని మడ్డిగా మారి ప్రతి వెండ్రుకకు అంటుకొనును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉపాధ్యాయుని కుటుంబము నా వద్దకు వచ్చెను. తల్లికిని ఇద్దరు కుమార్తెలకును నాలుగు నెలల వ్యవధిలో జుట్టు మసకబారినది. ముగ్గురికి ఒకేసారి ధాతుదోషము కలుగుట అరుదు. విచారింపగా, వారు ఊరిచివర కట్టుకొనిన క్రొత్త ఇంటికి మారిరనియు, అచ్చట బోరునీరు తప్ప వేరు లేదనియు, తలకు స్నానపు సబ్బే వాడుచున్నారనియు తెలిసినది. నేను నూనె గాని లేహ్యము గాని ఇయ్యలేదు. సబ్బు మాన్పించి కుంకుడుకాయ వాడించితిని; చివరి కడుగుడుకు కాచి చల్లార్చిన నీరు వాడుమంటిని. నెల తిరుగకముందే ముగ్గురి జుట్టును యథాస్థితికి వచ్చినది.

కుంకుడుకాయలోని నురగ పదార్థము కఠినజలముతో మడ్డికట్టదు. దాని రసము స్వల్పముగా ఆమ్లగుణము కలది. సబ్బుది క్షారగుణము. క్షారము పొలుసులను లేపును, ఆమ్లము అణచును. బోరునీరు తప్పనివారు ఈ క్రింది విధముగా చేయవలెను. నీటిని పది నిమిషములు తెర్లకాచి, చల్లార్చి, అడుగున తేరిన సున్నము కదలకుండ పైతేట వంచుకొనవలెను. కఠినత్వము పూర్తిగా పోకున్నను చాలవరకు తగ్గును. ఈ నీరు 1 లీటరులో 2 చెంచాల నిమ్మరసము కలిపి, తలంటిన పిమ్మట జుట్టు పొడవునా పోసి, రెండు నిమిషములాగి మిగిలిన తేటనీటితో కడుగవలెను. పక్షమునకొకసారి చాలును. కంటిలో పడనీయరాదు. తలపై పుండ్లు, పగుళ్ళు ఉన్నవారు చేయరాదు. నిమ్మరసము చర్మముపై ఉండగా ఎండలోనికి పోయినచో చర్మము కమిలి మచ్చలు పడును గనుక మెడను, నుదురును బాగుగా కడుగుకొనవలెను.

బాహ్యదోషము: నూనె, తలంటు, లేపనము

శిరస్సునకు నిత్యము తైలము రాయుటను చరకుడు, వాగ్భటుడు ఇరువురును ప్రశంసించిరి. కఫము పెరిగినవారికి, అజీర్ణముగా ఉన్నవారికి, శోధనచికిత్స పొందినవారికి అభ్యంగనము కూడదని వాగ్భటుడే చెప్పియున్నాడు. జలుబు, జ్వరము ఉన్న దినములలో మానుట మేలు. కొబ్బరినూనె వెండ్రుక లోనికి ఇంకి, కడుగునపుడు మాంసకృత్తులు పోకుండ కాపాడునని 2003లో వెలువడిన పరిశోధన తెలిపినది. పొద్దుతిరుగుడు నూనెకు, పెట్రోలియము నుండి తీసిన నూనెకు ఆ గుణము కనబడలేదు. కనుక ఖరీదైన సుగంధతైలములకన్న గానుగ కొబ్బరినూనె మేలు. గోరువెచ్చని నూనె మూడు చెంచాలు తీసికొని, తలంటుకు ముందునాటి రాత్రి గాని గంట ముందు గాని, మాడుకు కొద్దిగా, చివరలకు ఎక్కువగా పట్టింపవలెను. రోజుల తరబడి కడుగక నూనెపై నూనె రాసినచో దుమ్ము చేరి ఉన్న కాంతియు పోవును.

ఓపిక గలవారు గుంటగలగర తైలము కాచుకొనవచ్చును. నువ్వులనూనె 250 మిల్లీలీటర్లు, గుంటగలగర ఆకురసము 1 లీటరు, నీటితో ముద్దగా నూరిన ఉసిరికపొడి 60 గ్రాములు కలిపి సన్నని సెగపై కాచవలెను. ముద్దను వ్రేళ్ళతో నలిపిన వత్తివలె సాగి, నిప్పులో వేసిన చిటపటలాడక మండి, నూనెపై నురుగు పొంగినపుడు పాకము సిద్ధమైనట్లు. వెంటనే దింపి వడకట్టవలెను. తడి మిగిలినచో నూనె చెడును. మాడినచో గుణము పోవును.

తలంటుకు పది పండ్రెండు కుంకుడుకాయలను గింజలు తీసి రెండు గ్లాసుల నీటిలో రాత్రి నానబెట్టవలెను. ఉదయము గుప్పెడు మందారాకులు చేర్చి చేతితో పిసికి పలుచని బట్టతో వడకట్టవలెను. మందారాకు జిగురు కుంకుడు రసపు తీక్ష్ణతను తగ్గించును. నీరు గోరువెచ్చగానే ఉండవలెను. వేడినీరు మెడకు దిగువన పోసికొనిన బలము కలుగుననియు, తలపై పోసికొనిన కేశములకు, కన్నులకు హానియనియు అష్టాంగహృదయము దినచర్యాధ్యాయమున స్పష్టముగా చెప్పుచున్నది.

తలంటిన పిమ్మట చేయు పొరపాట్లే ఎక్కువ చెరుపు చేయును. తడిసిన వెండ్రుక బలహీనముగా ఉండును. తువాలుతో జుట్టును పటపట కొట్టుట, మెలిపెట్టి పిండుట, తడితోనే సన్నపండ్ల దువ్వెనతో లాగుట పూర్తిగా మానవలెను. పాత నూలుబట్ట చుట్టి తడి పీల్చుకొననిచ్చి, నీడలో ఆరబెట్టి, చివరల నుండి పైకి క్రమముగా చిక్కు తీయవలెను. సాంబ్రాణి ధూపము వేయు అలవాటున్నవారు ఉబ్బసరోగుల వద్ద వేయరాదు.

వారమునకొకసారి లేపనము వేసికొనవచ్చును. రెండు పెద్ద చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి, ఉదయము మందారాకులతో మెత్తగా రుబ్బి, జుట్టుకు పట్టించి అరగంట తరువాత కడుగవలెను. మెంతుల వాసన గిట్టనివారు రెండు చెంచాల అవిసెగింజలను రెండు గ్లాసుల నీటిలో ఉడికించి, జిగురుగా ఉన్నపుడే వడకట్టి వాడుకొనవచ్చును. ఈ జిగురు లేచిన పొలుసుల నడుమ నిండి పలుచని పొరగా నిలుచును. కాంతి ఆనాడే కనబడును. అయితే అది తరువాతి తలంటు వరకే. చీలిన చివరలను అతికించు మందు ఏ శాస్త్రమునను లేదు. వాటిని అంగుళము మేర కత్తిరించుటయే ఉపాయము.

అంతర్దోషము

పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన భాగమిది. ముప్పదియైదేండ్ల గృహిణి ఒకరు రెండు సంవత్సరములు నూనెలు మార్చి మార్చి విసిగి నా వద్దకు వచ్చిరి. ఆమె జుట్టులో మొదళ్ళే పేలవముగా ఉండెను. క్రింది కనురెప్ప లోపలివైపు తెల్లగా పాలిపోయి యుండెను. మెట్లెక్కిన ఆయాసము వచ్చుననియు, నెలసరి ఎనిమిది దినములు అధికముగా ఉండుననియు అడిగిన మీదట చెప్పిరి. ఇది పాండురోగమని తోచి రక్తపరీక్షకు పంపితిని. హిమోగ్లోబిన్ 7 గ్రాములున్నది. స్త్రీలకు 12కు తగ్గరాదు. స్త్రీవైద్యురాలి పరీక్షలో గర్భాశయమున కంతి ఉన్నట్లు తేలినది. దానికి చికిత్స జరిగి, రక్తము పెరిగిన ఏడు నెలలకు మొదళ్ళ వద్ద మూడు అంగుళముల క్రొత్త జుట్టు నల్లగా నునుపుగా వచ్చినది. ఆమెకు కావలసినది నూనె కాదు, రక్తము.

మన దేశమున 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. థైరాయిడ్ మందగించినపుడు కూడ జుట్టు బిరుసై కాంతి తగ్గును. బరువు పెరుగుట, మలబద్ధము, చలి తోడగును. ఇట్టి లక్షణములున్నవారు చిట్కాలతో కాలము గడపక హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకొనవలెను. వైద్యుడిచ్చిన ఇనుము మాత్రలను ఆయుర్వేదము పేరు చెప్పి మానరాదు.

ఆహారమున తోటకూర, పప్పుధాన్యములు, నువ్వులు నిత్యముండవలెను. వాటితో ఉసిరిక గాని నిమ్మ గాని తీసికొనిన ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో కాఫీ, టీలు త్రాగినచో అది తగ్గును గనుక గంట ఎడముండవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణముల ప్రకారము 55 కిలోల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అందరికి వడ్డించి చివరకు చారన్నముతో సరిపెట్టుకొను ఇల్లాలికి ఇది చేరదు. పప్పు, పెరుగు, శనగలు, తినువారైనచో గ్రుడ్డు ఆమె పళ్ళెములో కూడ ఉండవలెను.

చేయరాని పనులు

బట్టలసబ్బు, చాకలిసోడా, వంటసోడాలతో తల రుద్దరాదు. ఇవి క్షారగుణము కలవి, మురికితోపాటు నునుపును తీసికొనిపోవును. వేడిగాలి యంత్రము, ఇస్త్రీవలె జుట్టును సాగదీయు పరికరము నిత్యము వాడరాదు. గోరింటాకు కొంత కాంతినిచ్చును గాని తరచు వాడిన జుట్టు పొడిబారును. రెండు నెలలకొకసారి పెరుగుతో కలిపి వాడిన చాలును. "నల్ల హెన్నా" పేర వచ్చు పొడులలో పారాఫినైలిన్ డయామైన్ అను రసాయనము ఉండుట కద్దు. అది కొందరికి తీవ్రమైన వికటము కలిగించును. ఏ రంగునైనను ముందు చెవివెనుక రవ్వంత రాసి 48 గంటలు చూడవలెను. ముఖము వాచినను, ఊపిరి అందకున్నను క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ఫలితమెప్పుడు?

నీటిదోషము మూడు నాలుగు తలంట్లలో తొలగును. బాహ్యదోషము వలన చెడిన భాగము కత్తిరింపబడి, క్రొత్తది పెరుగువరకు కాపాడుకొనుటయే పని. అంతర్దోషమున చికిత్స మొదలైన ఆరునెలలకు గాని తేడా తెలియదు. అంతవరకు ఓపిక వహింపవలెను.

తల్లులకొక మనవి. కుమార్తెకు జడ వేయునపుడు జుట్టు మసకబారినట్లు తోచినచో నూనెసీసా వెదకుటకు ముందు ఆమె కనురెప్ప దించి చూడుడు. ఆకలి, నిద్ర, నెలసరి ఎట్లున్నవో అడుగుడు. ఇంటిలో మీ జడ వేయువారు లేనిచో అద్దము ముందు నిలిచి మిమ్ములను మీరే అట్లు పరీక్షించుకొనుడు.