జంగమ శబ్దార్థ విచారము

సంక్రాంతి దినములలో వేకువజామున శంఖనాదము వినబడగానే "జంగందేవర వచ్చినాడు, బియ్యము తెండు" అని ఇల్లాలు పలుకుట ఆంధ్రదేశపు పల్లెలందు పరిపాటి. అష్టావరణములలో గురువు, లింగము తరువాత మూడవదిగా పూజింపబడునదియు జంగమమే. ఒకచోట పిడికెడు బియ్యమునకు వచ్చినవాడు, మఱొకచోట పాదోదకము నొసగు పూజ్యుడు, మాట యొక్కటే. ఈ అంతరమెట్లు కలిగెనో ఆ శబ్దమును విప్పి చూచినగాని తెలియదు.

సంస్కృతమున 'గమ్' ధాతువునకు పోవుట అని అర్థము. దానికి ద్విత్వము వచ్చి 'జంగమ' యైనది. మాటిమాటికి పోవుచునే యుండునది అని సామాన్యముగా చెప్పుదురు. పాణిని మాత్రము గత్యర్థక ధాతువులకు ఇట్టి రూపము వంకరగా పోవుటయందే వచ్చునని విధించెను. వీథి వీథి తిరిగి, ఇల్లిల్లు త్రొక్కు భిక్షాటనమునకు ఈ అర్థమే చక్కగా కుదురును.

దీనికి ఎదురుమాట స్థావరము, అనగా ఉన్నచోటనే యుండునది. చోడవరము వైపునగల రోలుగుంట పేరునే చూడుడు. రోలు, గుంట, రెండును స్థావరములే. పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని భండారియైన బసవేశ్వరుడు ఈ రెండు మాటలను తన వచనమున ఎదురెదురుగా నిలిపెను. కలవారు కట్టించు గుడి స్థావరము, నడయాడు భక్తుని దేహము జంగమము. మొదటిదానికి చేటు కలదు, రెండవదానికి లేదని ఆయన నిర్ణయము. కదలనిదే శాశ్వతమను లోకుల తలంపు ఇచ్చట తలక్రిందులైనది.

'గమ్' సంతతి పెద్దది. జగత్తు, ఆగమము, సంగమము ఇందుండి పుట్టినవే. ఆంగ్లేయుల 'కమ్', వచ్చుట యను అర్థముగల లాటిను 'వెనిరె' కూడ ఈ మూలమునకు చుట్టములని భాషాశాస్త్రజ్ఞులు తేల్చిరి. అచ్చతమిళ లిపిలో స, జ లకు వేరు అక్షరములు లేనందున జంగమము, సంగమము ఒకే తీరున వ్రాయబడును. అచ్చటి శైవసిద్ధాంతులు 'గురులింగ సంగమము' అనునది మన గురులింగజంగమములనే. బసవేశ్వరుడు లింగైక్యమందిన కూడలసంగమము కృష్ణా మలప్రభలు కలియు తావు. అందు కన్నడపు 'కూడల', సంస్కృత 'సంగమ' ఒకే అర్థమును రెండుమార్లు చెప్పుచున్నవి. 'కూడల'కు మన కూడలి తోబుట్టువు.

మరాఠీలో చరాస్తి 'జంగమ మాలమత్తా'. కన్నడిగులలో చేతిఫోనును 'జంగమవాణి' అనువారు కలరు. కాశిలో జంగమవాడి మఠమున్నది. హర్యానాలో శివకల్యాణగాథలు పాడుచు ఊరూర తిరుగు జంగములున్నారు.

తెలుగున ఈ శబ్దము జంగమై, ఇంటిపేరై, కులము పేరై నిలిచిపోయినది. జంగమత్వము జన్మముచేతనే సిద్ధించునని వాదించువారు వంశక్రమమును చూపుదురు. మఠముల ఆచారమున దానికి చోటు కలదు, కాదనలేము. కాని శబ్దము ఆ వాదమునకు సాక్ష్యము పలుకదు. 'గమ్' అనుటలో పుట్టుక లేదు, నడక యున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మిండజంగములకు సైతము బసవేశ్వరుడు మ్రొక్కుట కలదు. అచ్చట ఆయన లెక్కించినది వారి వంశమును కాదు, గుణమునైనను కాదు. శివరూపమై గడప త్రొక్కిన ఆ రాకను.