నక్క కాటు – పాడి పశువులకు రేబిస్ ముప్పు

గోదావరి పాయల మధ్యనున్న మన కోనసీమలో నక్క కూత వినని వారుండరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని లంకల రెల్లు దుబ్బులు, ఏటి గట్లు, తోటలు వాటికి ఆశ్రయం. మామూలుగా నక్క మనిషిని చూసి తప్పుకొంటుంది. ఎలుకలను, పీతలను, చచ్చిన జంతువులను తిని కొంత మేలు కూడా చేస్తుంది. అయితే కుక్కకు వచ్చే అంటువ్యాధులు చాలావరకు నక్కకూ వస్తాయి. వాటిలో రేబిస్ అనే పిచ్చి వ్యాధి మన పాడికే గాక మన ప్రాణానికీ ముప్పు.

జబ్బు నక్కకు ఎక్కడిది?

మహారాష్ట్రలోని నన్నజ్ గడ్డి మైదానాలలో గుంటనక్కలకు, చుట్టుపక్కల గ్రామాల కుక్కలకు రక్తపరీక్షలు జరిపి, ఆ ఫలితాలను 2014లో ప్రచురించారు. డిస్టెంపర్, పార్వో వ్యాధులు సోకిన జాడలు కుక్కలలో అత్యధికంగాను, నక్కలలో అంతకంటె చాలా తక్కువగాను కనిపించాయి. అంటే జబ్బుకు నిల్వస్థానం ఊరి కుక్కలే. ఈ రెండు జబ్బులూ పశువులకు రావు. రేబిస్ మాత్రం నక్కకు, కుక్కకు, గేదెకు, మనిషికి అందరికీ వస్తుంది. మన దేశంలో దీనిని ముఖ్యంగా వ్యాపింపజేసేది కూడా కుక్కే. చచ్చిన పశువును గట్టు మీద పారవేస్తే కుక్కలు, నక్కలు ఒకచోట చేరి కరచుకొంటాయి.

గుర్తించడం ఎలా?

పట్టపగలు జంకు లేకుండా ఊరిలోకి వచ్చి, కనబడినదాన్నల్లా కరిచే నక్కను పిచ్చిదిగానే భావించాలి. రేబిస్ క్రిమి చొంగలో ఉండి, కాటు ద్వారా నరాల వెంట మెదడుకు చేరుతుంది. కాటు పడిన పశువులో లక్షణాలు సాధారణంగా మూడు వారాల నుండి మూడు నెలల లోపు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా కనిపిస్తాయి. మేత మానడం, పాలు హఠాత్తుగా తగ్గడం, గొంతు మారి అదేపనిగా అరవడం, చొంగ కార్చడం, మింగలేకపోవడం, వెనుక కాళ్లు తూలడం ముఖ్య లక్షణాలు. ఇవి కనిపించిన తరువాత చికిత్స లేదు. పశువు కొద్ది రోజుల్లో చనిపోతుంది.

ఇక్కడే పెద్ద ప్రమాదమున్నది. గొంతులో ఏదో అడ్డుపడిందని తలచి రైతు నోటిలో చెయ్యి పెట్టి చూస్తాడు. చేతిపై చిన్న గాటు ఉన్నా చాలు, క్రిమి ప్రవేశించవచ్చు.

సభ్యులు చేయవలసిన పనులు

1. కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసర్లు పెట్టరాదు. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

2. ఆనాడే పశువైద్యునికి చూపించి టీకాలు మొదలుపెట్టాలి. కాటు రోజున మొదటిది, ఆపై 3, 7, 14, 28వ రోజుల్లో మిగిలినవి వేయించాలి. ఒక్కటి కూడా తప్పరాదు.

3. లక్షణాలున్న పశువును వేరుగా కట్టాలి. దాని పాలు సంఘానికి పోయరాదు, ఇంట వాడరాదు, దూడకు తాగనీయరాదు.

4. మనిషికి కాటు పడినా, చొంగ గాయానికి తగిలినా, అనుమానమున్న పశువు పచ్చిపాలు తాగినా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ సూదులని భయపడనక్కరలేదు. ఆ పాత మందు 2005 నాటికే పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు.

5. చనిపోయిన పశువును లోతుగా పూడ్చాలి. తోలు తీయరాదు.

నక్కలను చంపితే పోతుందా?

పోదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. స్విట్జర్లాండులో జబ్బుకు నిల్వస్థానం నక్కలే. అక్కడ 1978లో కోడి తలల్లో టీకామందు పెట్టి నక్కలకు ఎరగా వేశారు. ఆ పద్ధతిని కొనసాగించి 1999 నాటికి దేశాన్ని రేబిస్ నుండి విముక్తం చేశారు. మన దగ్గర నిల్వస్థానం కుక్క గనుక, ఊరిలో ప్రతి కుక్కకూ ఏటా టీకా వేయించడమే మన పాడికి రక్ష. పాశ్చర్ 1885 జూలై 6న ఒక బాలునికి తొలి టీకా వేశాడు. ఆ తేదీన ఏటా పశువైద్యశాలల్లో కుక్కలకు టీకాలు వేస్తారు.

సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి, పాల సేకరణ కేంద్రంలో పశువైద్యుని ఫోను నంబరు అందరికీ కనిపించేలా రాసి ఉంచవలసిందిగా కోరుతున్నాము.