ఎడారి నగరం నేర్పిన నీటి లెక్క



దుబాయ్ పేరు తెలియని పల్లె మన వైపు లేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. మా తమ్ముడు కూడా పదేళ్ళుగా అక్కడే, రోడ్ల వెంట చెట్లు పెంచే పనిలో ఉన్నాడు. వాడు పంపిన డబ్బుతో మా మూడెకరాల్లో నేను నాలుగు బోర్లు వేయించాను. మూడు ఎండిపోయాయి. నాలుగోది ఎండాకాలంలో ఆగి ఆగి పోస్తున్నది. కిందటి చలికాలం వాడి దగ్గరికి పోయి పదిహేను రోజులు ఉండి వచ్చాను. అక్కడి మేడల సంగతి అందరూ చెబుతారు. నేను చూసిన నీళ్ళ సంగతి చెబుతాను.

వాన ఎవరికి ఎక్కువ?

దుబాయ్‌లో ఏడాది మొత్తానికి సగటున పడే వాన 100 మి.మీ. లోపే. మన వైపు 900 మి.మీ. దాకా పడుతుంది. కరువు సీమ అనిపించుకున్న అనంతపురంలో కూడా 500 మి.మీ. పైనే. ఎకరం నేల మీద 1 మి.మీ. వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. అంటే మన ఎకరం మీద ఏటా 36 లక్షల లీటర్లు పడితే, అక్కడి ఎకరానికి 4 లక్షలు కూడా రావు. అయినా అక్కడ రోడ్డు పక్క చెట్టు పచ్చగా ఉంది, ఇక్కడ నా మొక్కజొన్న గింజ పట్టే వేళకు ఎండింది.

అది డబ్బు మహిమ అని మీరనవచ్చు. సగం నిజమే. జెబెల్ అలీ దగ్గర పెద్ద పెద్ద కర్మాగారాల్లో సముద్రపు నీటిలోని ఉప్పు తీసి ఇళ్ళకు ఇస్తారు. దానికి ఇంధనం బాగా ఖర్చవుతుంది. అది మనవల్ల అయ్యే పని కాదు. మిగతా సగం మాత్రం మనమూ చేయగలిగినదే. ఇళ్ళలో వాడి వదిలిన మురుగునీటిని శుద్ధిచేసి చెట్లకు పారిస్తారు. ఆ నీటిని కూడా కాల్వ తీసి వదలరు. ప్రతి చెట్టు మొదట్లో సన్నటి డ్రిప్ పైపు ఉంటుంది.

మా తమ్ముడు ఒకనాడు అన్నమాట నన్ను పొడిచినట్టయింది. "అన్నా, ఇక్కడ మేం మొక్కకు నీళ్ళు పెడ్తం. మన ఊర్ల నువ్వు భూమికి పెడ్తవు. కరెంటు బిల్లు లేదని మోటరు బంద్ చెయ్యవు. ఆటో స్టార్టరు పెట్టి పండుకుంటవు."

మీ బోరు లెక్క మీరే తీయండి

ఊరికి వచ్చాక మొదట చేసిన పని ఇది. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి బోరు పైపు కింద పెట్టి, నిండేవరకు గడియారం చూశాను. 100 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటలు నడిస్తే సుమారు 50 వేల లీటర్లు. నా ఆస్తి అంతే.

ఇప్పుడు ఖర్చు చూడండి. వరి మడిలో మొక్క తాగేది, ఎండకు ఆవిరయ్యేది, భూమిలోకి ఇంకేది కలిపి రోజుకు 8 నుంచి 10 మి.మీ. పోతుంది. ఎకరానికి 32 వేల నుంచి 40 వేల లీటర్లు. ఇసుక నేలైతే ఇంకా ఎక్కువ. అంటే నా బోరు యాసంగిలో ఎకరం వరికి మించి మోయలేదు. నేను రెండెకరాలు నాటేవాణ్ణి! ఆరుతడి పంటకు కాల్వతో పారించి ఎకరంలో 5 సెం.మీ. నీరు నిలిపితే ఒక్క తడికి 2 లక్షల లీటర్లు, అంటే నాలుగు రోజుల బోరు. అదే కూరగాయలకు డ్రిప్ పెడితే ఎండ రోజుల్లో ఎకరానికి రోజుకు 20, 22 వేల లీటర్లు సరిపోతాయి. అదే బోరుతో రెండెకరాలు నిశ్చింతగా పండుతుంది.

డబ్బు కూడా నింపలేని బావి

దుబాయ్ నుంచి 150 కిలోమీటర్ల దూరంలో అల్ ఐన్ అనే ఊరుంది. అక్కడి ఖర్జూర వనంలో లక్షకు పైగా చెట్లున్నాయి. పైన ఖర్జూరం, దాని నీడలో నిమ్మ, మామిడి, కింద పశుగ్రాసం. కొండల అడుగు ఊటను భూమి లోపలి సొరంగం ద్వారా వంపు మీద తోటలోకి తెచ్చే కాల్వను 'ఫలజ్' అంటారు. ఇలాంటివి అక్కడ దాదాపు 3,000 ఏళ్ళ నుంచి ఉన్నాయి. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్ళు వంతులవారీగా పంచడానికి ఊరి తరఫున ఒక మనిషి ఉండేవాడు. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు కొలిచేవారు. అది వింటుంటే మన చెరువు కింద నీరటి గుర్తుకొచ్చాడు.

అయితే ఊట తగ్గిపోయి, ఇప్పుడు ఆ కాల్వల్లో పంపులతో తోడిన నీటిని వదులుతున్నారు. లోతు బోర్లు వచ్చాక అబుదాబి వైపు రోడ్స్ గడ్డి విపరీతంగా సాగు చేశారు. భూగర్భ జలం అడుగంటి, మిగిలింది ఉప్పబడింది. పొలాలు చౌడుబారాయి. చివరికి 2010 నుంచి ఆ గడ్డికి ఇచ్చే రాయితీని సర్కారే ఆపేసింది. ఉప్పు నేలలో ఏ పంట బతుకుతుందో పరిశోధించేందుకు 1999లోనే దుబాయ్‌లో ఒక అంతర్జాతీయ కేంద్రం పెట్టారు. చమురు డబ్బున్నవారికే కిందికి పోయిన నీరు పైకి రాలేదు. అప్పు చేసి బోరు వేసే మనకు ఎట్లా వస్తుంది?

ఇంకో సంగతి. 2024 ఏప్రిల్ 16న అక్కడ రికార్డు వాన పడింది. అల్ ఐన్ ప్రాంతంలో ఒకచోట 24 గంటల్లోపే 254 మి.మీ. కురిసింది. దుబాయ్ రోడ్లు చెరువులయ్యాయి. నీటికి నిలిచే చోటు, పోయే దారి చూపకపోతే కరువు సీమ కూడా మునుగుతుంది.

ఈ వారమే మొదలుపెట్టండి

1. డ్రమ్ముతో బోరు నీటిని కొలవండి. వానాకాలం ముగిశాక ఒకసారి, మాఘంలో ఒకసారి కొలిచి గోడ మీద రాసుకోండి. ఆ లెక్క చూసే యాసంగి పంట విస్తీర్ణం నిర్ణయించండి.

2. పొలంలో పల్లం చూసి నీటి కుంట తవ్వండి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు కుంట ఒక్కసారి నిండితే, గట్ల వాలును బట్టి 2 లక్షల లీటర్ల దాకా నిలుస్తాయి. ఎక్కువైన నీరు పోవడానికి రాళ్ళు పరిచిన మత్తడి తప్పక పెట్టండి.

3. డ్రిప్‌పై చిన్న, సన్నకారు రైతులకు రాయితీ ఉంది. పట్టా పాసుపుస్తకం తీసుకొని ఉద్యాన శాఖ అధికారిని కలవండి.

4. మొక్కల మొదళ్ళలో గడ్డి, ఆకు, చెత్త పరచండి. ఖర్చు లేకుండా తేమ నిలుస్తుంది.

5. నేల మీద తెల్లటి పొర కనిపిస్తే మట్టి, నీరు పరీక్ష చేయించండి. ఉప్పునీటి డ్రిప్ ఉన్నవారు చిరుజల్లు పడినప్పుడు మోటారు ఆపవద్దు. తడి అంచున పేరుకున్న ఉప్పును ఆ జల్లు వేరు దగ్గరికి నెడుతుంది.

6. స్నానాల గది నీరు పెరటి అరటికి మళ్ళించండి.

నేను వచ్చేటప్పుడు మా తమ్ముడు విమానాశ్రయం దాకా వచ్చి, "నా పైసలతోని ఐదో బోరు వెయ్యకు అన్నా" అన్నాడు. వెయ్యలేదు. ఈ ఏడాది అర ఎకరం వరి, రెండెకరాల కూరగాయలకు డ్రిప్, మిగిలిన అరెకరంలో కుంటకు పోను కంది వేశాను. మాఘంలో మళ్ళీ డ్రమ్ము పెట్టి కొలుస్తాను. మీరూ కొలవండి.